పాత కాగితం, మొండి ఇంకు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత కాగితం నుంచి ఇంకు తీసి మళ్లీ కాగితం చేయడం గురించి విశాఖపట్నం పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగినవాళ్లను ఒకే ప్రశ్న కింద కలిపాం.

ప్రశ్న: రెండేళ్ల న్యూస్‌పేపర్లు కట్టలు కట్టి అటక మీద పెట్టాం. రేటు పెరిగాక అమ్ముదామని మావారు అంటారు. పాతబడితే కాగితం పాడవుతుందా? అసలు ఆ నల్ల ఇంకు ఎలా వదులుతుందండీ?
– ఒక గృహిణి, సీతమ్మధార

ఇంకా దాచకుండా అమ్మేయండి. కాగితం పెద్దగా చెడిపోదు గానీ ఇంకు మొండికేస్తుంది. న్యూస్‌పేపర్ ఇంకు పెయింటులా ఆరదు. అందులోని నూనె కాగితంలోకి ఇంకుతుంది, నల్లటి మసి పొడి పైన నిలుస్తుంది. పొద్దున్నే పేపర్ చదివాక వేళ్లకు అంటేది అదే. కొత్తలో ఆ పట్టు వదులుగా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ఇంకులోని నూనె, రెసిన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడి పీచును కరుచుకుంటాయి. వేడి తగిలితే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. చలిదేశాల మిల్లుల్లో కూడా ఎండాకాలం వచ్చిన పేపర్‌తో గుజ్జు తెలుపు తగ్గుతుందని గమనించి, దానికి 'సమ్మర్ ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. మే నెలలో మన రేకుల కప్పు కింద అటక ఎంత కాగుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇక ఇంకు తీసే పద్ధతి. హైడ్రాపల్పర్ అనే పెద్ద తొట్టిలో కాగితాన్ని 45–50 డిగ్రీల వేడి నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు కలుపుతారు. ఆ మిశ్రమంలో నూటికి 12–18 పాళ్లు కాగితం, మిగతాది నీరు. ఇంత చిక్కగా ఉంచడం కావాలనే. పీచు పీచుతో రాసుకుంటేనే ఇంకు ఊడుతుంది, పలచగా ఉంటే అది జరగదు. కాస్టిక్ సోడా అనే ఘాటు క్షారం పీచును ఉబ్బించి ఇంకు పట్టును సడలిస్తుంది. తర్వాత జల్లెడలు పిన్నులను, ప్లాస్టిక్‌ను, జిగురు ముక్కలను ఆపుతాయి. ఆపైన గుజ్జును నూటికి ఒక పాలు వరకు పలచన చేసి, అడుగు నుంచి గాలి బుడగలు వదులుతారు. ఇంకు రేణువులకు నీళ్లంటే పడదు, అవి బుడగను పట్టుకుని పైకి తేలతాయి. పీచుకు నీళ్లంటే ఇష్టం కాబట్టి కిందే ఉంటుంది. పైకి వచ్చిన నల్ల నురగను తోసేస్తారు. ఈ పద్ధతిని ఫ్లోటేషన్ అంటారు.

పేపర్లను తడవనివ్వకండి. తడిసి బూజు పట్టిన కట్టను మిల్లు వెనక్కి పంపుతుంది, లేదా తేమ పేరుతో తూకంలో కోత పెడుతుంది. ఆ నష్టం పాత పేపర్ల కొట్టువాడి మీదుగా చివరికి మీ దగ్గరికే వస్తుంది.

ప్రశ్న: మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. సోయా ఇంకు వాడితే 'పర్యావరణ హితం' అని వేసుకోవచ్చని ఇంకు అమ్మేవాళ్లు చెబుతున్నారు. నిజంగా రీసైక్లింగ్‌కి అది మేలా? యూవీ, డిజిటల్ ప్రింట్ల సంగతేమిటి? మేము శుభలేఖలు కూడా వేస్తాం.
– ప్రెస్ యజమాని, డాబాగార్డెన్స్

సగం నిజం. పెట్రోలియం నూనె బదులు సోయా నూనె వాడితే మిల్లులో ఇంకు తీశాక మిగిలే మడ్డిలో, తర్వాత తయారయ్యే అట్టలో ఖనిజ నూనె తగ్గుతుంది. అది మంచిదే. కానీ సోయా ఇంకు తేలిగ్గా ఊడుతుందా అన్నది వేరే ప్రశ్న. షీట్‌ఫెడ్ (విడి షీట్ల మీద అచ్చువేసే) మెషీన్ల ఇంకులు ఆక్సిజన్ తాగి ఆరే రకం. అందులో అవిసె నూనె ఉన్నా సోయా నూనె ఉన్నా, పొర ఎంత గట్టిగా ఆరితే పల్పర్‌లో అంత పెద్ద పలుకులుగా విరుగుతుంది. నూనె పేరు చూసి ఇది నిర్ణయించలేం.

కాగితం రకం కూడా లెక్కలోకి వస్తుంది. ఆర్ట్ పేపర్ మీద ఇంకు పైనున్న సుద్ద పూత మీదే నిలుస్తుంది. పల్పర్‌లో పూత విడిపోతే దానితోపాటే ఇంకు కూడా లేచిపోతుంది. పూత లేని మ్యాప్‌లితో కాగితం మీద ఇంకు నేరుగా పీచులోకి దిగుతుంది.

బుడగ బాగా ఎత్తుకుపోయేది సుమారు 10 నుంచి 100 మైక్రాన్ల రేణువులను (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంతకన్నా చిన్నవి బుడగకు తగలకుండా నీటితోపాటు పక్కకు జారిపోతాయి. పెద్దవి, ముఖ్యంగా బల్లపరుపుగా ఉండేవి, బుడగ నుంచి ఊడి పడిపోతాయి. ఏ ప్రింటును చూసినా దాని ఇంకు ఏ సైజులో విరుగుతుందని అడగాలి. యూవీ ఇంకు అతినీలలోహిత దీపం కింద ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది కాబట్టి గుజ్జులో నల్ల చుక్కలుగా మిగులుతుంది. నీటి ఆధారిత ఫ్లెక్సో (మెత్తటి రబ్బరులాంటి అచ్చుతో వేసే) ఇంకు దీనికి పూర్తిగా ఎదురు. అది క్షార జలంలో అయిదు మైక్రాన్ల లోపు ధూళిగా చెదిరి బుడగలకు చిక్కదు, గుజ్జంతా బూడిద రంగు పట్టిస్తుంది. 'నీటి ఇంకు' అనగానే పచ్చదనం అనుకునేవాళ్లు ఇక్కడ పొరబడతారు. ప్రెస్‌లో సాల్వెంట్ వాసన తగ్గుతుంది, నిజమే, కానీ ఆ భారం రీసైక్లింగ్ మిల్లు మీద పడుతుంది. ఇంక్‌జెట్ డై నీటిలో కరిగి గుజ్జుకే రంగు వేస్తుంది. జిరాక్స్, లేజర్ టోనర్ ప్లాస్టిక్ పొడి కాబట్టి రేకులుగా ఊడుతుంది. గుజ్జును నూటికి 25–30 పాళ్ల చిక్కదనంలో వేడిగా పిసికి ఆ రేకులను చిన్నవి చేసి, రెండోసారి ఫ్లోటేషన్‌కు పంపితే చాలావరకు పోతుంది. కాకపోతే ఆ పిసికే మెషీన్ కరెంటు బాగా తాగుతుంది. కొన్ని డిజిటల్ ప్రెస్‌లు వాడే లిక్విడ్ టోనర్ సాగే పొరలా ఊడుతుంది, మిల్లువాళ్లకు దానంత చికాకు ఇంకోటి లేదు.

మీ చేతిలో ఉన్నవి: అవసరం లేనిచోట యూవీ పూత మానేసి నీటి ఆధారిత వార్నిష్ వాడండి. పల్చటి పుస్తకానికి వైరు కుట్టు చాలు. మామూలు హాట్‌మెల్ట్ జిగురు వేడి గుజ్జులో మెత్తబడి జల్లెడ దాటేస్తుంది, కాగితం మెషీన్ ఫెల్టుకు (తడి కాగితాన్ని మోసే దుప్పటికి) అంటుకుంటుంది. పీయూఆర్ (పాలియురెథేన్) జిగురు పెద్ద ముక్కలుగానే ఉండి జల్లెడలో ఆగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అచ్చు పడని తెల్ల కటింగులను వేరే గోనెలో వేయండి. వాటికి ఇంకు తీసే పనే ఉండదు, రేటు కూడా ఎక్కువ. సాయంత్రం ఊడ్చేటప్పుడు అన్నీ ఒకే సంచిలో పోస్తే ఆ లాభం పోయినట్టే.

శుభలేఖల గురించి: బంగారు రేకు వినాయకుడు, వెల్వెట్ పూత, మెరుపు పొడి, ప్లాస్టిక్ లామినేషన్ ఉన్న కార్డు తెల్ల కాగితం మిల్లుకు పనికిరాదు. దాన్ని మామూలు అట్ట మిల్లు కట్టలో వేయండి. రేకు కవరు మీద మాత్రమే వేసి, లోపలి కార్డును మామూలు ఆఫ్‌సెట్‌లో వేసినా సగం కాగితం దక్కుతుంది.

ప్రశ్న: సార్, మా బీటెక్ ప్రాజెక్ట్ ఇంకు తీయడం మీదే. 100 గ్రాముల న్యూస్‌పేపర్‌ను మిక్సీలో పది నిమిషాలు తిప్పి, 5 గ్రాముల కాస్టిక్ సోడా, బట్టల డిటర్జెంట్ వేసి, అక్వేరియం పంపుతో గాలి పంపాం. నురగ బ్రహ్మాండంగా వస్తోంది. గుజ్జు మాత్రం పసుపు పట్టిన బూడిద రంగులో ఉంటోంది, పైగా సగం నురగతోనే పోతోంది. తప్పెక్కడ?
– కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థులు, గాజువాక

మొదటి తప్పు మిక్సీ. ఆ బ్లేడు పీచును విడదీయదు, కోస్తుంది. ఇంకును కూడా ధూళిగా చేసి పీచు గొట్టం లోపలికి తోస్తుంది. అక్కడ చేరిన ఇంకును ఏ బుడగా బయటికి లాగలేదు. పదును లేని తెడ్డుతో, పిండి కలిపే మెషీన్‌లాంటి దానితో నెమ్మదిగా కలపండి.

కాస్టిక్ అయిదు గ్రాములంటే నూటికి అయిదు పాళ్లు. న్యూస్‌పేపర్ గుజ్జులో లిగ్నిన్ (కర్రలో పీచును అతికించి ఉంచే పదార్థం) అలాగే ఉంటుంది, క్షారం ఎక్కువైతే అది పసుపెక్కుతుంది. మీకు కనిపించే పసుపు ఇంకుది కాదు, కాస్టిక్‌ది. డిటర్జెంట్ పొడి నురగ విడవకుండా నిలుస్తుంది, పీచును కూడా ఎత్తుకుపోతుంది. మీకు కావలసింది ఎక్కువ నురగ కాదు, ఇంకును మాత్రమే పట్టుకునే నురగ.

యూరప్ మిల్లుల సంఘం ఇంగెడే ప్రామాణిక పరీక్షలో వాడే మోతాదులు తీసుకోండి. 100 గ్రాముల పొడి కాగితానికి కాస్టిక్ సోడా 0.6 గ్రాములు, సోడియం సిలికేట్ 1.8 గ్రాములు, హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.7 గ్రాములు, ఓలియిక్ యాసిడ్ 0.8 గ్రాములు. పెరాక్సైడ్ లెక్క శుద్ధ పదార్థానిది, 30 శాతం సీసా అయితే రెండు మిల్లీలీటర్లకు కొంచెం పైన పడుతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకండి. పెరాక్సైడ్ పసుపును ఆపుతుంది, సిలికేట్ పెరాక్సైడ్‌ను కాపాడుతూ, ఊడిన ఇంకు మళ్లీ పీచు మీద కూర్చోకుండా చూస్తుంది. ఓలియిక్ యాసిడ్ క్షారంలో సబ్బుగా మారి, నీటిలోని కాల్షియంతో కలిసి సన్నని తునకలుగా ఇంకు రేణువులకు అంటుకుని వాటిని బుడగకు అందిస్తుంది.

నీటి విషయంలో మీ వాళ్లు బహుశా డిస్టిల్డ్ వాటర్ వాడి ఉంటారు, ప్రయోగశాల అలవాటు అది. ఇక్కడ అదే దెబ్బ తీస్తుంది. కాల్షియం లేకపోతే సబ్బు తన పని చేయదు. డిస్టిల్డ్ నీళ్లే అయితే లీటరుకు 0.44 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కలపండి. కాఠిన్యం కాల్షియం కార్బొనేట్ లెక్కన 300 మిల్లీగ్రాముల దగ్గరికి వస్తుంది. బోరు నీళ్లయితే ముందు కాఠిన్యం కొలిచి, తక్కువ పడినంతే కలపండి. బట్టలు ఉతకడానికి శాపమైన గట్టి నీళ్లు ఈ ఒక్కచోట వరం.

వరస ఇది. కాగితాన్ని రెండు సెంటీమీటర్ల ముక్కలుగా చేతితో చించండి. సగం న్యూస్‌పేపర్, సగం ఆర్ట్ పేపర్ మ్యాగజైన్ తీసుకుంటే ఫలితం మెరుగు, మ్యాగజైన్ పూతలోని సుద్ద ఫ్లోటేషన్‌కు సాయపడుతుందని అనుభవం. నూటికి 15 పాళ్ల చిక్కదనంలో, 45 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు కలపండి. అదే వేడిలో గంటసేపు అలా వదిలేయండి. తర్వాత 0.8 శాతానికి పలచన చేయండి, అంటే రెండు లీటర్ల పాత్రకు 16 గ్రాముల పొడి గుజ్జు. పది పన్నెండు నిమిషాలు గాలి వదిలి, నురగను ఎప్పటికప్పుడు గీకేయండి. చల్లారనివ్వకండి. అక్వేరియం రాయి బుడగలు పాత్ర మధ్యలో ఒక్కచోటే లేస్తాయి కాబట్టి రెండు మూడు రాళ్లు పరిచి, పైన నెమ్మదిగా కలుపుతూ ఉండాలి.

ఇంత చేసినా బూడిద రంగు వదలకపోతే కొంచెం గుజ్జును 100 మెష్ (అంగుళానికి వంద కన్నాల) జల్లెడ మీద ధారాళమైన నీటితో చాలాసేపు కడగండి. కడిగాక తెల్లబడితే ఇంకు పీచు నుంచి ఊడింది, బుడగలే దాన్ని పట్టలేకపోతున్నాయి. అప్పుడు కాల్షియం, సబ్బు, గాలి చూసుకోవాలి. కడిగినా తెల్లబడకపోతే ఇంకు అసలు ఊడలేదు, లేదా పీచు లోపల దాక్కుంది. అప్పుడు పల్పింగ్ వేడి, సమయం, పేపర్ వయసు చూడాలి. ఈ ఒక్క పరీక్షతో సగం వాదనలు ఆగిపోతాయి.

రిపోర్టులో బ్రైట్‌నెస్ (తెలుపు) అంకె ఒక్కటే ఇవ్వకండి. 457 నానోమీటర్ల దగ్గర కొలిచే ఆ అంకెలో లిగ్నిన్ పసుపు, ఇంకు నలుపు కలిసిపోతాయి. 950 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌లో కొలిచే ఎరిక్ అంకె (మిగిలిన ఇంకు కొలత) మసినే పట్టి చూపుతుంది. ఆ పరికరం ఉన్న ల్యాబ్‌కు మీ షీట్లు ఇచ్చి కొలిపించుకోండి.

ప్రశ్న: మా మహిళా సంఘం ఆఫీసుల నుంచి వచ్చే ఏ4 కాగితాలతో చేతి కాగితం, ఫైళ్లు, సంచులు చేస్తోంది. ప్రింటు నలుపు పోవడం లేదు. బ్లీచింగ్ పౌడర్ వేస్తే తెల్లబడుతుందా? కడిగిన నీళ్లు ఏం చేయాలి?
– సంఘం సభ్యులు, మధురవాడ

బ్లీచింగ్ పౌడర్ వద్దమ్మా. ప్రింటు నలుపు కార్బన్, దాన్ని ఏ బ్లీచూ తెల్లబరచలేదు. బ్లీచు రంగుల మీద, లిగ్నిన్ మీద పనిచేస్తుంది. ఏ4 కాగితం గుజ్జులో లిగ్నిన్ ముందే తీసేసి ఉంటుంది. కాబట్టి పౌడర్ ఖర్చయి, పీచు బలం తగ్గి, నలుపు నలుపులాగే ఉంటుంది. ఆ నీళ్లలో క్లోరిన్ కలిసిన సేంద్రియ పదార్థాలు చేరతాయి, అవి కాలువలో త్వరగా విరగవు. అన్నిటికన్నా ప్రమాదం ఇంకోటి. బ్లీచింగ్ పౌడర్ ఉన్న తొట్టిలో యాసిడ్ బాత్రూమ్ క్లీనర్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇలా చేయండి. 80 జీఎస్ఎం ఏ4 కాగితం కిలోకు సుమారు 200 షీట్లు. రంగు కాగితాలు, పిన్నులు, టేపు తీసేసి, ముక్కలు చేసి, పది పన్నెండు లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న సగం నీళ్లు వంపేసి, చెయ్యి కాలేంత వేడి నీళ్లు, పది గ్రాముల బట్టల సోడా, అయిదు గ్రాముల తురిమిన సబ్బు వేసి, గ్లౌజులు వేసుకుని అరగంట పిసకండి. రుబ్బొద్దు. తర్వాత నైలాన్ దోమతెర మీద వేసి, కింద పడే నీళ్లు పలచబడేవరకు కడగండి. సుద్ద, గంజి, సన్నటి పీచు పోతాయి కాబట్టి కిలో కాగితానికి ముప్పావు కిలో గుజ్జు మిగిలితే గొప్ప.

టోనర్ చుక్కలు మాత్రం కొన్ని ఉంటాయి. వాటితో పోట్లాడటం దండగ. చేతి కాగితానికి చుక్క అందమే, అలాగే అమ్మండి. లేదా గుజ్జులో సగం తెల్ల నూలు బట్ట ముక్కల గుజ్జు కలపండి. దర్జీల దగ్గర, బనియన్ల కటింగుల్లో అవి దొరుకుతాయి. తెలుపూ పెరుగుతుంది, మడత దగ్గర ఫైలు చిరగదు.

ఆఖరు కడుగు నీళ్లను మర్నాటి నానబెట్టుడుకు వాడుకోండి. మొదటి కడుగు నీళ్లలో కాస్త పటిక కలిపి రాత్రి వదిలితే సుద్ద అడుక్కి చేరుతుంది. పైతేట కాలువలోకి వదలొచ్చు. అడుగు మడ్డి ఆరబెట్టి తక్కువరకం అట్టలో కలిపేయండి.

ప్రశ్న: ఇన్ని రసాయనాలు, ఇంత నీరు, చివర్లో మడ్డి. ఇంకు తీసి రీసైకిల్ చేయడం పర్యావరణానికి నిజంగా మేలేనా?
– ఉపాధ్యాయుడు, కంచరపాలెం

చాలాచోట్ల మేలే. అన్నిచోట్లా కాదు.

ఈ పని కొత్తది కాదు. 1774లో జర్మనీలోని గోటింగెన్‌లో యుస్టస్ క్లాప్రోత్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు, అచ్చైన కాగితం నుంచి ఇంకు కడిగి మళ్లీ కాగితం చేసే పద్ధతి ప్రచురించాడు. 1800లో ఇంగ్లండ్‌లో మాథియాస్ కూప్స్ ఇదే పనికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత కలప గుజ్జు చవకై ఆ ఉత్సాహం తగ్గింది.

ఇప్పటి లెక్క చూద్దాం. ఒక శాతం గుజ్జు అంటే కిలో పీచుకు 99 కిలోల నీళ్లు. వినగానే గుండె ఆగుతుంది గానీ ఆ నీళ్లలో ఎక్కువ భాగం శుద్ధి చేసుకుని మిల్లులోనే తిరుగుతుంది. అసలు నష్టం నురగలో పోయే పదార్థం. న్యూస్‌ప్రింట్ కోసం ఇంకు తీస్తే సుమారు 15–20 శాతం పోతుంది. తెల్ల టిష్యూ కోసం కడిగితే 30–40 శాతం దాకా పోవచ్చు, ఎందుకంటే అక్కడ సుద్దంతా వదిలించాలి. ఆ మడ్డిలో సుద్ద, చైనా క్లే, పొట్టి పీచు, ఇంకు ఉంటాయి. పిండినా సగం నీళ్లే. సిమెంటు బట్టీల్లో, ఇటుకల్లో, తక్కువరకం అట్టల్లో వాడతారు. సుద్ద సిమెంటుకు పనికొస్తుంది కాబట్టి ఆ దారి నయం. క్లోరిన్‌తో తెల్లబరిచిన మిల్లు అయితే మాట వేరు. అలాంటి ఆర్గానిక్ క్లోరిన్ ఉన్న మడ్డి మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో ఉంది.

ఇంధనం విషయంలో ఒక మెలిక ఉంది. సరుగుడు, సుబాబుల్ కర్రతో గుజ్జు చేసే క్రాఫ్ట్ మిల్లు, కర్ర ఉడికించాక మిగిలే నల్ల ద్రావణాన్ని తానే మండించి ఆవిరి, కరెంటు చాలావరకు తీసుకుంటుంది. ఇంకు తీసే మిల్లుకు మొత్తం మీద శక్తి తక్కువే చాలు గానీ, ఆ తక్కువను కూడా బయటినుంచి కొనాలి. అది బొగ్గు కరెంటు అయితే కార్బన్ లెక్క మీరు అనుకున్నంత అందంగా రాదు.

మెరుగైన దారులు ఉన్నాయి. కాస్టిక్ బాగా తగ్గించి, సోడియం సల్ఫైట్, నాన్‌అయానిక్ సర్ఫాక్టెంట్‌తో (విద్యుదావేశం లేని సబ్బులాంటి పదార్థంతో) పీహెచ్ 7–8 మధ్య పనిచేసే పద్ధతిలో నీటిలో కరిగే కాలుష్యం తగ్గుతుంది, పసుపు రాదు, పెరాక్సైడ్ ఆదా. పాతబడిన న్యూస్‌పేపర్ ఇంకు మాత్రం దీనికి అంత సులువుగా లొంగదు. సెల్యులేజ్ ఎంజైమ్ టోనర్ కాగితానికి బాగా పనిచేస్తుంది, పీచు ఉపరితలాన్ని సన్నగా కొరికి టోనర్ రేకును వదిలిస్తుంది. కానీ వేడి, పీహెచ్ హద్దుల్లో ఉండాలి, సమయం దాటితే అదే ఎంజైమ్ పీచును తినేస్తుంది. దిగుబడీ బలమూ రెండూ పోతాయి. సరైన ఆపరేటర్ లేని మిల్లులో ఎంజైమ్ కన్నా తక్కువ కాస్టిక్కే భద్రం అని మా అభిప్రాయం.

తెలుపు అవసరం లేని వస్తువుకు ఇంకు తీయకపోవడం వీటన్నిటికన్నా చవక. గుడ్ల ట్రే, అట్ట మధ్య పొర, బ్రౌన్ కవరు గుజ్జులో ఇంకు ఉంటే నష్టమేమీ లేదు. చేతులు తుడిచి పారేసే టిష్యూ మల్లెపూవులా ఉండాలని మనం పట్టుబట్టడం వల్లే కిలోకు మూడో వంతు మడ్డిలోకి పోతోంది. మీ స్కూల్లో తెల్ల కాగితం, న్యూస్‌పేపర్, అట్ట మూడు పెట్టెల్లో వేయిస్తే, ఏ మిల్లు యంత్రమూ చేయలేని పని పిల్లలు చేసినట్టు.

ప్రశ్న: బీచ్ రోడ్డులో బజ్జీలు న్యూస్‌పేపర్‌లో కట్టిస్తున్నారు. అది తప్పని తెలుసు. కానీ లోపల బూడిద రంగు అట్ట ఉన్న స్వీట్ బాక్సుల మాటేమిటి?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

న్యూస్‌పేపర్‌లో తినుబండారం చుట్టడాన్ని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి. ఆరని ఇంకు నూనె వేడి బజ్జీ నూనెలోకి నేరుగా దిగుతుంది. బూడిద అట్టలో ఉన్నది ఇంకు తీయని పాత పేపరే. అందులోని ఖనిజ నూనె తగలకపోయినా ఆవిరిగా కదిలి పొడి పదార్థాన్ని కూడా చేరుతుంది. లోపల పల్చటి పాలిథిన్ కాగితం పరిస్తే సరిపోతుందనుకుంటారు, పాలిథిన్ దాన్ని కొంతసేపే ఆపుతుంది. అల్యూమినియం ఫాయిల్ లేదా పెట్ (పాలిస్టర్ ప్లాస్టిక్) పొర ఆపుతుంది. స్వీట్లు ఇంటికి రాగానే స్టీలు డబ్బాలోకి మార్చండి.

ప్రశ్న: సూపర్ మార్కెట్ బిల్లులు, ఏటీఎం చీటీలు పాత పేపర్లలో వేయొచ్చా?
– పాఠకుడు, అక్కయ్యపాలెం

వేయొద్దు. వాటి మీద ఇంకే లేదు. వేడి తగిలితే నల్లబడే రసాయన పూత ఉంటుంది, అందులో ఎక్కువగా బిస్‌ఫినాల్ రకాలే. పల్పర్‌లో ఆ పూత విడిపోయి గుజ్జులోకి, అక్కడినుంచి టిష్యూలోకి వెళ్తుంది. గోటితో గట్టిగా గీరి చూడండి, నల్ల గీత పడితే అది థర్మల్ కాగితం. దాన్ని మామూలు చెత్తలో వేయండి, వారంటీ బిల్లు అయితే పారేసే ముందు ఫొటో తీసి ఉంచుకోండి.